తొక్కుల షాపులో ధనియాల నీళ్లు

ఏప్రిల్ 7
నాడి పట్టుకుని ఆయుర్వేదం డాక్టర్ గారు నవ్వారు. పిత్తమట. ఒళ్లంతా వేడేనట. ఇది చెప్పడానికి డాక్టర్ కావాలా? హనుమకొండ చౌరస్తాలో నా తొక్కుల షాపు ముందు ఆటో ఆపిన ఎవరినడిగినా చెప్తారు.

పోయిన వారం తడి గరిటె జాడీలో పెట్టిందని మొగిలమ్మను కస్టమర్ల ముందే కడిగేశాను. షాపులో తొక్కు కలిపేది ఆమే. నాకంటే పెద్దది. చేతులు కడుక్కుని, సద్ది డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. మా ఆయన గోపాల్ ఫోన్ చేస్తే, వరమ్మ నోరు సల్లవడ్డంక వస్త, అప్పటిదాంక ఫోన్ చెయ్యకుండ్రి అన్నదట. మామిడికాయ సీజన్ నెత్తి మీదికొచ్చింది. ఆమె చెయ్యి లేకపోతే ఈ ఏడు మా మామిడికాయ తొక్కు లేనట్టే.

కారం, పులుపు, టీ బంద్ అన్నారు డాక్టర్ గారు. రాత్రి ధనియాలు నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్లు తాగాలి. మజ్జిగ. శీతలి ప్రాణాయామం. తొక్కులమ్ముకునేదానికి కారం బందట!

ఏప్రిల్ 9, పొద్దున ఆరు
డాబా మీద శీతలి. నాలుక గొట్టంలా చుట్టి బయటపెట్టి గాలి పీల్చాలి. పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఫాతిమా బేగం చూసింది. తనను వెక్కిరిస్తున్నాననుకుంది పాపం. ఏమైందక్కా, నేనేమన్న గలత్ చేసిన్నా అని అడిగింది. సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. రేపటి నుంచి తనూ వస్తుందట. ఆమె కోపం కూడా తక్కువదేం కాదట.

ఏప్రిల్ 10
టీ లేదు. గోపాల్ నాకంటే ముందే షాపుకి వెళ్లిపోయాడు. తెలివైనవాడు.

ఏప్రిల్ 16
నిద్ర పడుతోంది. ఛాతీలో మంట లేదు. ఇవాళ సీసాల ట్రాలీవాడు షటర్‌కు గుద్దాడు. నోరు తెరిచాను, గాలి పీల్చాను, మూసేశాను. నాకే వింతగా ఉంది. హాయిగా కూడా ఉంది.

సాయంత్రం మొగిలమ్మ ఇంటికి వెళ్లి, తప్పు నాదే అన్నాను. నా మొఖం పరీక్షగా చూసింది. జర తేటగైనవ్ వరమ్మా, రేపు వస్త, గని ఇంకొక్కసారి నలుగురి ముంగట నన్నంటే మళ్ల రాను అన్నది. ఆటోలో ఏడుస్తూ వచ్చాను. సంతోషంతోనే.

ఏప్రిల్ 19
మామిడికాయ కలిపాం. అల్లం, వెల్లిగడ్డ వాసన వీధి చివరిదాకా పోయింది. రుచి చూసేది ఎప్పుడూ నేనే. ఇంకెవరినీ వేలు పెట్టనివ్వను. నాలుక మీద పెట్టుకున్నానో లేదో, అబ్బా, మంట! కళ్లల్లో నీళ్లు. కారం ఎక్కువైంది, ఇంకొన్ని ముక్కలు వేసి నూనె పోద్దాం మొగిలమ్మా అన్నాను, ఎంతో నెమ్మదిగా. ఆమె నన్నొకసారి చూసి, అలాగే చేసింది. నా నెమ్మదికి నాకే ముచ్చటేసింది.

ఏప్రిల్ 22
కొంప మునిగింది.

ఏటా మొదటి సీసా మా పాత కస్టమర్ రాజేశ్వర్ రావు సార్‌దే. రుచి చూసి, ఇది పేషెంట్ల కోసం చేసిండ్రా అమ్మా అని మర్యాదగా అడిగారు. జాడీ నిండా చప్పిడి తొక్కు! కారం మానేసిన నాలుకతో రుచి చూశాను, బుద్ధిలేనిదాన్ని.

నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు అని మొగిలమ్మను అడిగాను. నా గొంతు లేచింది. నువ్వు గంత మెల్లగ మాట్లాడితే పానం బాగలేదనుకున్న, ఎదురు చెప్పబుద్ధి గాలే అన్నది. అంటూనే సద్ది డబ్బా వైపు చెయ్యి చాచింది. షాపు నిండా జనం. అక్కడే, అందరి ముందే, నాలుక గొట్టంలా చుట్టి గాలి పీల్చాను. సార్ భయపడి వెనక్కి జరిగారు. ముందు మొగిలమ్మ నవ్వింది. తర్వాత నేను.

రుచి చూసే గరిటె ఆమె చేతిలో పెట్టాను. ఇక నుంచి నువ్వు చెప్పిందే లెక్క అన్నాను. కోపం మానడం కన్నా ఆ గరిటె ఇవ్వడమే కష్టమైంది. ఆమె కారం, ఉప్పు పోసి మొత్తం తిరగకలిపింది. సాయంత్రం సార్ మళ్లీ వచ్చి సీసా పట్టుకెళ్లారు.

మే 3
ఇవాళ మొగిలమ్మ కస్టమర్ల ముందే నన్ను తిట్టింది. ఉప్పు తక్కువేశానట. తక్కువే.

ధనియాలు రెండు గ్లాసుల్లో నానబెట్టాను, ఒకటి మొగిలమ్మకు.