తొమ్మిదో అధ్యాయంలో హంసపాదు

మార్చి 4, మంగళవారం

కమిషన్ నుంచి లెటర్ వచ్చింది. ఊట దగ్గరి స్థలం కేసులో నన్ను ఎక్స్‌పర్ట్‌గా వేశారు. నెల రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. ప్రశ్న ఒకటే. యాత్రల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఉన్న "మూడు రాళ్ళ ఊట దగ్గర ఏడు రోజులు" అనే చరణాన్ని చరిత్రకు సాక్ష్యంగా తీసుకోవచ్చా, కూడదా?

పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆ గ్రంథ నాయకుడైన యాత్రికుడు అక్కడ ఏడు రోజులు ఆగాడు కాబట్టి అది పవిత్ర స్థలమని భక్తుల ట్రస్టు వాదన. అక్కడున్న అద్దకం షెడ్లు తీసెయ్యాలట. షెడ్లు పదకొండు. ఆ ఊట నీళ్ళలో తప్ప తమ నీలం రంగు నిలవదని అద్దకం వాళ్ళు అంటున్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ చరణం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నాకు చదువు చెప్పిన మాస్టారు ఆ గ్రంథాన్ని పరిష్కరించి అచ్చు వేయించినప్పుడు, రాతప్రతి ముందు పెట్టుకుని ప్రెస్‌కి ఫెయిర్ కాపీ రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై రెండు. ఇప్పుడు యాభై ఎనిమిది. లైబ్రరీలో రాతప్రతుల సెక్షన్ నా చేతిలో ఉంది. నెల రోజులెందుకు, వారం చాలు.

మార్చి 5

వదినకి ఫోన్ చేసి చెప్పాను. సంబరపడిపోయింది. ట్రస్టు వాళ్ళ పాటల బృందంలో ఆమెదే మొదటి గొంతు. నిజం నా చేతుల మీదుగా బయటికి రావడం అన్నయ్య చేసుకున్న అదృష్టమంది. నాలుగేళ్ళ కిందట అన్నయ్య పోయేటప్పుడు వదిన అతని చెవిలో పాడింది ఆ చరణమే. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను.

మార్చి 8, శనివారం

పని మొదలుపెట్టాను. మాస్టారు నేర్పిన మూడు ప్రశ్నలతోనే. రాసినవాడెవరు? ఎప్పుడు రాశాడు? ఇంకోలా రాసి ఉంటే అతనికి పోయేదేమిటి?

గ్రంథం రాసినాయన యాత్రికుణ్ణి చూడలేదు. మధ్యలో నాలుగు వందల ఏళ్ళు. నదిని చెప్పులతో దాటడం, ఎండిన చెట్టు మాట్లాడటం వంటివి పక్కన పెట్టెయ్యొచ్చు. అవి రాయకపోతే అప్పట్లో ఎవరూ వినరు. కానీ ఎవరికీ లాభం లేని చిన్న వివరాలు కొన్ని ఉంటాయి. ఫలానా మలుపులో చెప్పు తెగింది, ఫలానా ఇంట్లో నీళ్ళు ఇవ్వలేదు. ఇలాంటివి పనిగట్టుకుని ఎవరూ కల్పించరు. ఊట దగ్గర ఏడు రోజులు ఆగడం కూడా అలాంటిదే. మహిమ లేదు, బోధ లేదు. ఊరికే ఆగాడు.

డ్రాఫ్ట్‌లో "నమ్మదగినది" అని రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను. పెళ్ళి జాతకాలు కలిపే పంతులంత ధీమాగా.

మార్చి 11, మధ్యాహ్నం

షెడ్లు చూసొచ్చాను. వాళ్ళకి పెద్ద ఒకావిడ. మోచేతుల దాకా నీలం. చెయ్యి కలపబోయి, నా తెల్ల చీర చూసి వెనక్కి తీసుకుంది.

ఆవిడ అడిగింది ఒకటే. ఆ పుస్తకం రాసినాయన చూసి రాశాడా అని. లేదు, నాలుగు వందల ఏళ్ళ తర్వాత అన్నాను. మరి ఆయనకెలా తెలుసంది. మౌఖిక సంప్రదాయం మీద చిన్న లెక్చర్ ఇచ్చాను. ఓపిగ్గా వింది. ఆ ఊటని తవ్వింది తమ వాళ్ళేనని నాయనమ్మ చెప్పేదట, అది కూడా నోటి మాటే కదా, రిపోర్టులో రాస్తారా అంది.

రాతలో లేనిది రాయలేనన్నాను. నీళ్ళు నమిలాను అని రాయడమే న్యాయం.

మార్చి 14

అసలు రాతప్రతి లేదు. అది ఉన్న లైబ్రరీ ముప్పై ఏళ్ళ కిందట కాలిపోయింది. అంతకు ముందు తీసిన ఫిల్మ్ ఉందట. తెప్పిస్తున్నారు.

మార్చి 19, ఉదయం 11

ఫిల్మ్ వచ్చింది. కమిషన్ సెక్రటరీ పక్కనే కూర్చున్నాడు.

ఆ చరణం పద్యంలో లేదు. మార్జిన్‌లో ఉంది. వేరే చేతిరాత, కాస్త వంకరగా.

సెక్రటరీ తెర మీద వేలు పెట్టి, పద్యంలో రెండు మాటల మధ్య కింద ఉన్న చిన్న గుర్తు ఏమిటన్నాడు. హంసపాదు అన్నాను. రాసేవాడు ఏదైనా మరిచిపోతే మార్జిన్‌లో రాసి, అది చేరాల్సిన చోట ఆ గుర్తు పెడతాడని చెప్పాను. అంటే ఈ చరణం గ్రంథంలోదే, లేఖకుడు మరిచిపోయి తర్వాత చేర్చాడు, అంతే కదా అన్నాడు.

అవునన్నాను. నా నోటితో నేనే.

మార్చి 19, సాయంత్రం 4

ఆ హంసపాదు నాది.

ముప్పై ఆరేళ్ళ తర్వాత తెర మీద చూడగానే తెలిసిపోయింది. ఎడమ కాలు పొడుగ్గా, కుడి కాలు పొట్టిగా. ఇప్పటికీ అలాగే పెడతాను. స్టూడెంట్లు దాన్ని కుంటి హంస అని వెక్కిరిస్తారు.

ఆ రోజు నాకు జ్వరం. తొమ్మిదో అధ్యాయం ఆ పూటకి పూర్తి చెయ్యాలి. మాస్టారు గడువు తప్పితే మాట్లాడరు, అదే ఆయన తిట్టు. ఆ పద్యం ఒక చరణం తక్కువగా ఉంది. మార్జిన్‌లో ఒక చరణం ఉంది. పెడితే అతికినట్టు సరిపోయింది. మళ్ళీ వెతుక్కోకుండా ఉండాలని కొప్పులోంచి పెన్సిల్ తీసి గుర్తు పెట్టాను. తర్వాత చెరిపేద్దామనుకున్నాను. చెరపలేదు. రాతప్రతి మీద పెన్సిల్ పెట్టకూడదని మాస్టారు మొదటి రోజే చెప్పారు.

ప్రూఫులు దిద్దేటప్పుడు ఆయన ఆ చరణం దగ్గర ఆగారు. ప్రతిలో ఉందా అన్నారు. ఉంది మాస్టారూ అన్నాను. అబద్ధం కాదు. ఉంది. ఎక్కడుందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫిల్మ్ తీసింది ఆ తర్వాత రెండేళ్ళకి. నలుపు తెలుపుల్లో సిరా, పెన్సిలు ఒకటే.

ఇంకొకటి కూడా రాయాలి. ఈ గ్రంథాన్ని పారాయణం చేసేవాళ్ళకి ఒక అలవాటు ఉండేది. పూర్తవగానే, ఎక్కడ చదివారో, ఎన్ని రోజులు చదివారో మార్జిన్‌లో రాసుకునేవాళ్ళు. పారాయణం ఏడు రోజులు. ఇదంతా వేరే ప్రతుల్లో చూశాను, పేపర్ రాశాను, క్లాసుల్లో పాఠం చెప్పాను. మూడు రాళ్ళ ఊట దగ్గర ఏడు రోజులు కూర్చున్నది యాత్రికుడు కాదు, ఎవరో పారాయణం చేసినాయన. ఇన్నేళ్ళూ ఈ రెంటినీ కలిపి చూడలేదు. చూడలేదా, చూసి కళ్ళు మూసుకున్నానా, తెలియదు.

మార్చి 22, శనివారం

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై ఆరేళ్ళు. చూపు దాదాపు పోయింది. అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బావుండేది.

"కళ్ళ ముందు ఫిల్మ్ ఉంది. దానికి ఎదురు ముప్పై ఆరేళ్ళ తర్వాత గుర్తొచ్చిన జ్ఞాపకం ఉంది. నేనైతే నమ్మనమ్మా" అన్నారు.

ఆయన నేర్పిన పాఠమే. తప్పు పట్టలేను. గుమ్మం దాకా గోడ పట్టుకుని వచ్చి, ఆ రోజు జ్వరమని నాకెందుకు చెప్పలేదు అని మాత్రం అడిగారు.

మార్చి 24

అటక మీద నుంచి పాత డైరీలు దింపాను. ఆ రోజు పేజీ దొరికింది. "జ్వరం. తొమ్మిదో అధ్యాయం పూర్తి." అంతే. కింద ముప్పావు పేజీ ఖాళీ.

పెన్సిల్ టేబుల్ మీదే ఉంది. ఆ ఖాళీలో ఒక్క లైను. అదీ అబద్ధం కాదు, జరిగిందే. అప్పుడు రాయాల్సింది ఇప్పుడు రాయడం. నా చేతిరాత పెద్దగా మారలేదు కూడా.

టీ చల్లారిపోయింది. పెన్సిల్ డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. నా ఇంట్లో నా పెన్సిల్‌కి తాళం.

మార్చి 25

రాయలేదు.

మార్చి 29, శనివారం

రిపోర్ట్ ఇచ్చే ముందు వదినకి చెప్పాలి కదా. వెళ్ళాను. హంసపాదు నాదేనని, చరణం గ్రంథంలోది కాదని చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. ఆపలేదు. మీ అన్నయ్య చెవిలో నేను పాడింది నీ పొరపాటునా అంది.

ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా బయటికి రావడం ఇదే మొదటిసారి. ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఏప్రిల్ 2

రిపోర్ట్ ఇచ్చేశాను. నమ్మదగినది కాదు. కారణం నేను.

ఏప్రిల్ 9, బుధవారం

హియరింగ్. ట్రస్టు లాయరు నెమ్మదైన మనిషి, అదే ప్రమాదం. ఇరవై రెండేళ్ళ అమ్మాయి చరణం గ్రంథంలో ఉందని చెప్పింది, యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ కాదంటోంది, ఇద్దరిలో ఎవరిని నమ్మమంటారన్నాడు. గుర్తు నాదేనని ఆనాటి రుజువేమైనా ఉందా అన్నాడు. పాత డైరీలో ఆ పేజీ తెరిచి ఇచ్చాను. రెండు ముక్కలూ చదివి, మిగతా ఖాళీ కూడా చదవమంటారా అన్నాడు. నవ్వారు. అద్దకం ఆవిడ నవ్వలేదు. నీలం చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ట్రస్టు వాళ్ళ వరసలోంచి వదిన లేచింది. తనకి తెలిసింది చెప్పాలంది.

"ఆ సాయంత్రం జ్వరంతో ఇంటికొచ్చి నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చిందండీ. పాత పుస్తకం మీద పెన్సిల్ పెట్టేశాను వదినా, మాస్టారు చూస్తే ఇంకేమైనా ఉందా అంది. పెన్సిలే కదా, రేపెళ్ళి చెరిపెయ్ అన్నాను."

ఆ రోజుల్లో నేను అన్నయ్య దగ్గరే ఉండేదాన్ని, నిజమే. కానీ ఇది నాకు గుర్తులేదు. ఒక్క ముక్క గుర్తులేదు.

ఏప్రిల్ 10

వదిన ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. పాటల బృందంలో ఇక రావద్దన్నారట. ఇంట్లో పాడుకుంటానంది. ఆ చరణం కూడానా అన్నాను. పాడితే మీ అన్నయ్య ప్రశాంతంగా పోయాడు, అది నేను కళ్ళారా చూశాను, దానికి ఏ పుస్తకం సాక్ష్యం అక్కర్లేదంది.

ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. కప్పు కడిగి పెట్టి వచ్చేశాను.

ఏప్రిల్ 21, సోమవారం

నిర్ణయం వచ్చింది. చరణం సాక్ష్యంగా చెల్లదు. షెడ్లు ఉంటాయి. నమ్మకానికి ఎదురు వెళ్ళి చెప్పిన సాక్ష్యం కాబట్టి వదిన మాటకి విలువ ఎక్కువని రాశారు. మాస్టారి మూడో ప్రశ్నే అది.

సాయంత్రం అద్దకం ఆవిడ లైబ్రరీకి వచ్చింది. అల్మరాలు తాకకుండా చేతులు వెనక కట్టుకుని చూసింది. నాయనమ్మ మాట ఇప్పుడైనా రాస్తారా అంది. రాశాను. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, తేదీతో సహా. చదివి వినిపించమంది. రెండుసార్లు వినిపించాను.

ఏప్రిల్ 28

ట్రస్టు అప్పీలుకి వెళ్ళింది. ఈసారి ఒక్క పేజీ కాదు, ఆ ఏడాది డైరీ మొత్తం కావాలట. మే 3న ఇవ్వాలి. ఇచ్చే ముందు ఒకసారి చదువుకుందామని తీశాను.

జ్వరం రోజుకి రెండు రోజుల ముందు పేజీ. సిరాతో, నా చేతిరాతలో: "వదిన పుట్టింటికి వెళ్ళింది. పది రోజులు. వంట నా నెత్తిన."

తర్వాతి పేజీలన్నీ తిప్పాను. వదిన తిరిగొచ్చిన రోజు ఎక్కడా రాయలేదు.

ఏప్రిల్ 30

రాసినవాడెవరు? నేను. ఎప్పుడు రాశాను? అదే రోజు. ఇంకోలా రాస్తే నాకు పోయేదేమిటి? ఏమీ లేదు. నా డైరీ అన్ని పరీక్షలూ పాసయింది. నేను చూసిన రాతప్రతులన్నిట్లో ఇంత శుభ్రమైన సాక్ష్యం లేదు.

ఇది లాయరు చేతికి వెళ్తే వదిన అబద్ధాలకోరు. పదకొండు షెడ్లు మళ్ళీ మొదటికి. హంసపాదు మాత్రం నాదే. అది నిజం. ఆ నిజానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ రోజు ఊళ్ళో లేదు.

మే 1, ఉదయం

వదినని అడిగాను. ఆమె ఉతికిన దుప్పటి దులుపుతోంది, రెండో కొస నన్ను పట్టుకోమంది. వెళ్ళాను గానీ అమ్మతో గొడవపడి మూడో రోజే వచ్చేశాను కదా, అప్పటికి నీకు ఒళ్ళు కాలిపోతోంది, నీకేం తెలుసంది. నా డైరీలో అలా లేదన్నాను. దుప్పటి కొసలు కలపడానికి నా దాకా నడిచొచ్చింది. నా మొహంలోకి చూసింది.

"అన్నీ రాసుకున్నావా నువ్వు?" అంది.

మే 2

డ్రాయర్ తాళం తీశాను.

"పది రోజులు" పక్కన, మార్జిన్‌లో: మూడో రోజే తిరిగొచ్చింది.

హంసపాదు కూడా పెట్టాను. ఎడమ కాలు పొడుగ్గానే వచ్చింది.