రెండు ప్రతులు చాలు

మౌనవ్రతంలో ఉన్న ప్రియమైన అక్కకి,

నీ గొంతు ఆపరేషన్ చేసిన డాక్టరుకి శతకోటి వందనాలు. నేను పుట్టినప్పటినుంచీ చేయలేకపోయిన పని ఆయన అరగంటలో చేశాడు. ఫోన్లో నువ్వు "ఊ" కూడా కొట్టకూడదట కాబట్టి ఈ ఉత్తరం. కుట్లు ఆరేదాకా నవ్వకూడదని కూడా బావ చెప్పాడు. అందుకని అన్నీ ఏడుపు వార్తలే ఏరి పంపుతున్నాను.

మన యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటర్ యుగం ప్రారంభమైనది. నీ సెలవు పుణ్యమా అని మన భాషా విభాగంలో తాత్కాలికంగా వెలసిన నేనే సాక్షిని. ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే నీ కార్డుల బీరువాలు ఎత్తేసి, అక్కడ కంప్యూటర్లు పెట్టారు. విదేశీ సాయం కింద ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్. దానికి అన్నీ వచ్చు, మన లిపి తప్ప. మన పుస్తకం ఏది ఎక్కించినా తెర మీద ప్రశ్నార్థకాలే. పుస్తకం పేరూ అదే, రాసినాయన పేరూ అదే.

కంపెనీ మనిషి ఒకడున్నాడు, ఎండలో కూడా టై విప్పడు. టై బాబు అని పేరు పెట్టాను.

"సార్, ఇవి పేర్లు కావండీ" అన్నాను.

"ఎక్కాయా, లేదా?"

"ఎక్కాయి."

"మరింకేం!"

లైబ్రేరియన్ గారేమో "నెలాఖరుకి పని అయినట్టు చూపించాలయ్యా, అక్షరాల సంగతి తర్వాత" అన్నారు.

నీ కుర్చీ అరగదీస్తున్న,
తమ్ముడు

*

ఒరేయ్ వాగుడుకాయా,

నవ్వకూడదని తెలిసీ ఇలాంటివి రాస్తావా? బావ ఉత్తరం లాక్కుని దాచేశాడు.

కార్డులు ఎక్కడ పెట్టారో ముందు కనుక్కో. కార్డూ లేక, కంప్యూటరూ చెప్పకపోతే ఆ పుస్తకాలు ఉన్నా లేనట్టేరా. లైబ్రేరియన్ గారితో నోటిమాట చెప్తే లాభం లేదు. కాగితం మీద పెట్టు. ఫైలంటూ కదిలితే ఎవరో ఒకరు చదువుతారు. విభాగం నాది కాబట్టి సంతకానికి నాకు పంపు.

ఇంకోటి. ఆ పడవవాళ్ళ నవల, మూడు సంపుటాలది, రెండోది అయ్యేసరికి ఆస్పత్రిలో చేరాను. మూడోది నేను తిరిగొచ్చాక చదువుతాను. ఎక్కడికి పోతుందిలే.

వేళకి తిను.
అక్క

*

ప్రియమైన విభాగాధిపతి గారికి,

కార్డులు పాత కాగితాలవాడి బండెక్కి వెళ్ళిపోయాయి. వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని కొట్లలో లెక్కలు రాసుకోడానికి బాగుంటాయన్నాడట.

నిన్న ఒక విద్యార్థిని వచ్చింది. తెర చూపించాను. పైనుంచి కిందిదాకా చూసి, "ఇందులో నా ప్రశ్నార్థకం ఏది, అన్నా?" అంది. అల్మరాల్లో వెతికాం. దొరకలేదు. మళ్ళీ రాలేదు. ఈమధ్య ఎవరూ రావడంలేదు.

నువ్వు చెప్పినట్టే కాగితం పెట్టాను. మామూలుగా రాస్తే చదవరని నా పద్ధతిలో రాశాను. ఫైలు బావ చేతికి పంపుతున్నాను. నువ్వు మాత్రం చదవొద్దు, కుట్లు తెగుతాయి. గుర్తు పెట్టిన చోట సంతకం చెయ్యి, చాలు.

ఇట్లు, మీ విధేయుడు (నమ్మకు),
తమ్ముడు

*

అక్కా,

ఈసారి పలకరింపుకి జోకు దొరకలేదు.

ఆ ఫైల్లో నేను రాసింది ఇదీ: "మన విభాగమందు '?????' అను ఒకే గ్రంథానికి వేలాది ప్రతులున్నట్లు కంప్యూటర్ కనుగొన్నది. ఏ గ్రంథానికైనా రెండు ప్రతులు చాలునన్న నిబంధన ప్రకారం తక్కినవి తొలగించి, ఖాళీ అయిన గదిలో మహారచయిత శ్రీ '?????' గారి విగ్రహం ప్రతిష్ఠించవలెనని ప్రార్థన."

ఎవరైనా ఉలిక్కిపడి పరుగెత్తుకొస్తారనుకున్నాను. ఫైలు ఆమోదమై వచ్చింది. చదవకుండా సంతకం పెట్టారనుకోకు. చదివారు. విగ్రహానికి నిధులు లేవని ఆ ఒక్క ముక్కా కొట్టేశారు.

సెలవు రోజున లారీ వచ్చిందట. మర్నాడు నేను వెళ్ళేసరికి అల్మరాలు ఖాళీ. కాగితం మిల్లుకి పరుగెత్తాను. గేటు దగ్గర తూకం వేసే ఆయన "నిన్ననే నానబెట్టేశాం బాబూ" అన్నాడు.

లైబ్రేరియన్ గారితో "అది జోకు సార్" అన్నాను.

"ఫైల్లో జోకులుండవయ్యా. కింద మీ అక్క సంతకం ఉంది కదా?"

"తను చదవలేదు సార్. నన్ను నమ్మి పెట్టింది."

"చదవకుండా పెట్టిందంటే మరీ తప్పు."

కంప్యూటర్ జాబితాలో ముందున్న రెండూ ఉంచారు. ఒకటి కోళ్ళ పెంపకం. రెండోది నీ పడవవాళ్ళ నవల, రెండో సంపుటం. రెండు పుస్తకాలకి విభాగం దేనికని ఎత్తేశారు. నువ్వు తిరిగొస్తే గుమ్మం దగ్గర సంచులు దాచే కౌంటర్లో వేస్తారట. నన్ను రేపటినుంచి రావద్దన్నారు.

తిట్టు అక్కా. గొంతు బాగయ్యాక గట్టిగా తిట్టు.

తమ్ముడు

*

నాన్నా,

చదివాను రా. సంతకం పెట్టకముందే చదివాను. నర్సు వచ్చి కోప్పడేదాకా నవ్వాను. నువ్వన్నట్టే ఒక కుట్టు తెగింది.

నేను రాయాల్సినట్టు వేరే రాసి పంపుదామనుకున్నాను. అలాంటివి ఇన్నేళ్ళలో ఎన్ని పెట్టానో, ఒక్కదానికీ జవాబు రాలేదు. నీది చదివినవాడు నవ్వకుండా ఉండలేడు, నవ్వితే సంగతేమిటని అడక్కుండా ఉండలేడు అనుకున్నాను. అదేరా నా లెక్క. నిన్ను నమ్మి పెట్టిన సంతకం కాదు, వాళ్ళని నమ్మి పెట్టాను. ఈ మాట లైబ్రేరియన్ గారికి నేనే రాస్తున్నాను. నువ్వు మోయకు.

నిన్న డాక్టరు కట్టు విప్పి, "ఏదైనా మాట్లాడమ్మా" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. గొంతు బాగానే ఉందట.

ఆ రెండో సంపుటం నా పేరు మీద తీసి ఇంటికి పట్టుకురా. మొదటిదాంట్లో ఏం జరిగిందో నేను చెబుతాను, నువ్వు చదివి పెట్టు. చివరి పేజీలో నడి ఏట్లో పడవ తాడు తెగుతుంది. ఒడ్డుకి చేరారో లేదో మూడోదాంట్లో ఉండేది.

సంచుల కౌంటర్లో కూర్చోబోయే,
మీ అక్క