అక్క ఫోన్‌లో ఆఖరి ఫోటో

బావగారికి, మీ తుంటరి బావమరిది మీ ఇంటి మెట్ల మీదే కూర్చుని రాస్తున్న ఉత్తరం.

మీరు ఫోన్ ఎత్తరు, బెల్ కొడితే తలుపు తీయరు. లోపల ఫ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నిన్న అమ్మతో ఏమన్నారు? “మీ అమ్మాయి ఫోన్ బకెట్లో పడింది అత్తయ్యా, ఫోటోలన్నీ పోయాయి. తను స్నేహితురాలి ఇంటికెళ్లింది.” పది తప్పినవాణ్ణి, నాకేం తెలుస్తుందనుకున్నారు పాపం!

పోయినసారి వచ్చినప్పుడు, అక్క తీసే ప్రతి ఫోటో నా క్లౌడ్ ఖాతాలోనూ చేరేలా పెట్టి వెళ్లాను. మీరు నోరు తెరుచుకుని నిద్రపోయే ఫోటోలు చుట్టాలకు పంచి నవ్విద్దామని. అవి రాలేదు. అక్క వాచిన చెంప వచ్చింది. కమిలిన మణికట్టు వచ్చింది. మీరు ఫోన్‌ను నీళ్లలో ముంచినా ఇక్కడ అవి చెక్కుచెదరలేదు.

చివరిది పడకగది లోపలి నుంచి తీసింది. తలుపు సందులోంచి, బయట మీరు వేసిన తాళం కనిపిస్తోంది. తర్వాత ఏమీ రాలేదు.

ఫోటోలన్నీ పోలీసులకు పంపాను. బయలుదేరారట. ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. వాళ్లొచ్చేలోగా అక్కను ఒక్కసారి మాట్లాడమనండి. నన్ను తిట్టినా సరే, ఆ గొంతు బయటికి వినబడాలి.