ఎరువుల ఫ్యాక్టరీకి యజమాని దొరికాడు

ఆత్మకూరు,
జూన్ 2003

కడప ఎరువుల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఖాదర్ మొహిద్దీన్‌కు, ఎరువుల అంగడి నాగసుబ్బయ్య నమస్కారాలు.

వాన పడింది. రైతులు నా అంగడి ముందు నుంచి కదలడం లేదు. మీ లోడు మాత్రం రాలేదు. నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే రోడ్డు మీదికి పోవాలని ఉంది. మీ యజమానికి గట్టిగా చెప్పు.

ఇట్లు,
నాగసుబ్బయ్య

తా.క. వచ్చే ప్రతి లారీనీ ఆపి చూస్తున్నాను. నిన్న ఆపింది పెళ్లివాళ్లది. భోజనానికి రమ్మన్నారు.


కడప

శెట్టిగారికి ఖాదర్ సలాములు.

మాది సొసైటీ ఫ్యాక్టరీ. సభ్యులందరూ యజమానులే కాబట్టి, చెప్పడానికి ఎవరూ లేరు. ఎరువు కలిపే మిక్సర్‌కు బెల్టు తెగింది. కొత్తది కొనాలంటే కమిటీ కూర్చోవాలి. కూర్చుంది, టీ తాగి లేచింది. ఫ్యాక్టరీని అమ్మేస్తారంటున్నారు. మా ఉద్యోగాలు ఏమవుతాయో తెలియడం లేదు.

మీ
ఖాదర్

తా.క. టీ బిల్లు మీద మాత్రం అక్కడికక్కడే సంతకం పడింది.


ఆత్మకూరు

ఖాదర్ భాయ్‌కి,

యజమాని లేకపోవడమే రోగమని ఫ్యాక్టరీని నేనే కొన్నాను. వచ్చిన రోజే బెల్టు వేయించాను. పనివాళ్లలో ఒక్కరినీ తీయలేదు. అక్కడున్నన్నాళ్లూ రోజంతా మిక్సర్ పక్కనే నిలబడ్డాను. అయినా బస్తాలు పెరగలేదు! ఎవరో కావాలనే చేస్తున్నారు. నేను శ్రీశైలం పోయి వచ్చేలోగా ఆ మనిషిని పట్టు. లేకుంటే ఫ్యాక్టరీకి తాళం వేస్తాను.

నిద్రపట్టని
నాగసుబ్బయ్య

తా.క. మిక్సర్ నడిపే అయ్యన్న మీద అనుమానంగా ఉంది. నేను పలకరిస్తే చాలు, మిషన్ ఆపేస్తాడు.


కడప

శెట్టిగారికి సలాములు.

మీరు శ్రీశైలంలో ఉన్నన్నాళ్లూ మిక్సర్ ఆగలేదు. గోడౌన్ నిండింది. మీ అంగడికి లారీలు బయలుదేరాయి. అయ్యన్నను నిలదీశాను. "శెట్టి మాట్లాడతాంటే మిషన్ మోతలో ఏమీ ఇనపడదు సార్. ఆయప్ప యజమాని. ఆపకుండా ఎట్ల పలికేది?" అన్నాడు. బెల్టు తెచ్చింది మీరే, అది సొసైటీ వల్ల కాలేదు. ఇక మమ్మల్ని పని చేసుకోనివ్వండి.

భయపడుతూ,
ఖాదర్

తా.క. శ్రీశైలానికి మళ్లీ పోతారా? నడిచి పోతే పుణ్యం ఎక్కువంటారు.


ఆత్మకూరు

ఖాదర్ భాయ్‌కి,

గోడౌన్ నిండిందంటే మల్లన్న దయ అనుకున్నాను. అయ్యన్న మాట చదివాక రెండు పూటలు కోపంగా ఉన్నాను. తర్వాత నవ్వొచ్చింది. తాళం మాట మరిచిపో. ఫ్యాక్టరీ నువ్వు చూసుకో. నేను ఇంటిపట్టునే ఉంటాను.

ఇట్లు,
నాగసుబ్బయ్య

తా.క. ఖాదరన్నా, నేను రాజ్యలక్ష్మమ్మను. ఉత్తరం అంటించమని మా ఆయన నా చేతికిచ్చినాడు. పొద్దున్నుంచీ పొయ్యి పక్కనే నిలబడుకోని, "ఇంకా ఉడకలేదేమి?" అని మూత తీసి తీసి చూస్తాండాడు. పొద్దు వాలినా ఈడ కూడు ఉడకలేదు. యజమాని లేక ఫ్యాక్టరీ ఆగిపోయిందని, రేపటికల్లా అందేట్టు ఒక టెలిగ్రాం కొట్టన్నా.