కమ్మలు తీసేసిన క్యాథరిన్

చిట్టమూరు

క్యాథరిన్‌కు మీ అత్త మగ్దలీనమ్మ దీవెనలు.

రెండు రోజులుగా ముసురు. నారు పీకి కట్టలు గట్టు మీద పెట్టినాము, నాట్లు సాగలేదు. ఫోన్‌లో అడిగితే ఇల్లంతా వింటారని రాస్తున్నాను. సూళ్లూరుపేటలో ఏదో షెడ్డులో తెల్లబట్టలు వేసుకొని, ఎవరో ముసలాయన ఫొటో ముందు మోకాళ్ల మీద వంగినావంట. మన వీధి రోజా చూసింది. కమ్మలు కూడా తీసేసినావంట. నా గాజులు చెరిపించి చేయించిన కమ్మలవి. మన చర్చి వదిలి ఏ సంఘంలో కలిసినావు?

ఇట్లు, మగ్దలీనమ్మ

తా.క.: తెల్లబట్టకు నీలిమందు ఎక్కువ పెడుతున్నావు. దూరం నుంచే తెలిసిందంట.

సూళ్లూరుపేట

అత్తకు వందనాలు.

అది సంఘం కాదు, కరాటే. తడ కంపెనీలో డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోతాను. ఫొటోలో ఉన్నది మా మాస్టర్ మస్తానయ్య గారి గురువు. పోటీలో చెవి తెగుతుందని కమ్మలు తీయమంటారు. కాలు తప్పుగా పెడితే మాస్టర్ బెత్తంతో తడతారు. మేము వంగి వందనం చేసి, సరిగ్గా పెడతాము. నెలాఖరు ఆదివారం బ్రౌన్ బెల్టు పరీక్ష. ఆ ఒక్కవారం చర్చికి పోలేను.

మీ క్యాథరిన్

తా.క.: అక్కడ అందరూ నన్ను అక్కా అంటారు. తన్నేటప్పుడు కూడా.

చిట్టమూరు

క్యాథరిన్‌కు దీవెనలు.

వాన వెలిసింది. నాట్లు మొదలైనాయి. కొట్టినాయనకే వందనమా? ఆదివారం చర్చి మానడమా? తన్నేవాళ్లు అక్కా అనడమా? పేరు ఏదైనా అది వేరే సంఘమే. ఆ ఆదివారం మీ అన్న హెన్రీని తీసుకొని వస్తాను. నీ బట్టలకు సంచి కూడా తెస్తాను. ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు.

మగ్దలీనమ్మ

తా.క.: శుక్రవారం నీ పేరిట ఉపవాస ప్రార్థన పెట్టించినాను. సాయంత్రం అందరికీ ఇడ్లీలు నేనే పోయాలి.

సూళ్లూరుపేట

అత్తకు వందనాలు.

రా అత్తా. పరీక్ష అయ్యేదాకా మాత్రం ఆగు. బెల్టు రాకపోతే ఆ సాయంత్రమే నీ వెంట వచ్చేస్తాను. వస్తే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు.

క్యాథరిన్

తా.క.: అన్నను చెప్పులు బయట విడవమను. మాస్టర్ బెత్తానికి చుట్టాలు లేరు.

చిట్టమూరు

క్యాథరిన్‌కు దీవెనలు.

నాట్లు అయిపోయినాయి. పరీక్ష రోజు అందరూ నీ చుట్టూ చేరితే మాట్లాడే సందు దొరకలేదు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే మీ మాస్టర్ "పెద్దమ్మా, ఇవి కాస్త పట్టుకో" అని ఆడపిల్లల కమ్మలన్నీ నా గుప్పిట్లో పోసినాడు. నిన్ను లాక్కుపోదామని వచ్చినదాన్ని, కమ్మలకు కాపలా కూర్చున్నాను. ఒకటి జారితే ఎవరికని జవాబు చెప్పేది?

నీకంటే జానెడు పొడుగున్నవాడిని పడేసినావు. చేయి ఇచ్చి లేపి, వాడికే వందనం చేసినావు. మన ఊళ్లో పడేసినవాళ్లను చానామందిని చూసినాను. లేపినవాళ్లను చూడలేదు. బెల్టు వచ్చింది కాబట్టి ఆ మాట ఇక ఎత్తను.

మగ్దలీనమ్మ

తా.క.: మీ అన్న సంగతి విను. నిన్న మెడలో గొలుసు తీసి నా చేతికిచ్చినాడు. ఈ పొద్దు, నీ బట్టలకని తెచ్చిన సంచి తగిలించుకొని, మొదటి బస్సుకు మీ మాస్టర్ దగ్గరికి పోయినాడు.