మైకు జానెడు దూరం

చల్లపల్లి,
ఆదివారం.

చిరంజీవి బ్లెస్సీకి,

దేవుని కృపవల్ల నేనూ, మీ నాయనమ్మా బాగానే ఉన్నాం. ఆవిడ మోకాళ్ల నొప్పి తప్ప ఇంట్లో కొత్త కష్టమేమీ లేదు. నువ్వు విజయవాడ ఎండలో తిరిగొచ్చి, ఆ చల్లటి స్టూడియోలో కూర్చుని గొంతు పాడుచేసుకోకు.

సభ సంగతి వివరంగా ఉత్తరం రాయమని ఫోనులో అడిగావు. సభలో చెప్పాల్సింది మీ రేడియోవాళ్ల పద్ధతిలోనే, మాట్లాడినట్టుగా కాగితం మీద రాసుకున్నాను. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా గీత పెట్టాను. వారం రోజులు గేదెలకు చదివి వినిపించాను. మైకుకి జానెడు దూరంలోనే నిలబడ్డాను.

మన సమాధుల తోట ఖాళీ స్థలమనీ, అందులో గోడౌను కడతామనీ గ్రామసభలో చదివారు. అభ్యంతరాలున్నాయా అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే సర్పంచి గారు కాగితం మడిచేశారు. నేను లేచాను. తర్వాత మాట్లాడుకుందాం, కూర్చోమన్నారు. కూర్చోలేదు.

కానీ భయంతో కళ్లు మూసుకున్నాను. స్త్రీల సమాజంలో ఇరవై ఏళ్లు ప్రార్థన చేసిన నోరు కదా, ఆ రాగమే వచ్చేసింది. మొదటి మాట పూర్తవగానే మనవాళ్లంతా ఆమెన్ అన్నారు. ఆఫీసర్లు పగలబడి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. తప్పు దొర్లితే కంగారుపడి పరిగెత్తకు, ఆగి మూడు లెక్కపెట్టు అన్నావు కదా. ఆగాను, కళ్లు తెరిచాను. వాళ్ల నవ్వు దానంతటదే ఆగిపోయింది. అప్పుడు గుంపుతో కాకుండా, నువ్వు చెప్పినట్టే ఒక్క మనిషితో మాట్లాడాను.

"ఖాళీ అని రాశారు. ఖాళీ కాదండీ, అరవై ఏడు మంది ఉన్నారక్కడ. ఆళ్లు లేచి చెప్పలేరు కాబట్టి నేను చెప్తన్నాను. నేను ఒప్పుకోను. ఈ మాట మినిట్స్‌లో రాయండి."

రాసేదాకా మైకు వదల్లేదు. మనవాళ్లంతా చేతులెత్తారు, తీర్మానం ఆగింది. వచ్చే నెల కొలతలు వేయడానికి వస్తారట. రానీ, నేనూ అక్కడే ఉంటాను.

ఆ ఒక్క మనిషి ఎవరని ఫోనులో అడిగితే నువ్వేనన్నాను. అబద్ధం. ఆ తోటలో మూడో వరసలో ఉన్న మీ నాన్నతో మాట్లాడాను. బతికుండగా నలుగురిలో నేను నోరు తెరిస్తే ఊరుకోమనేవాడు. గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా కొంగు పట్టి కూర్చోబెట్టేవాడు. ఆ కోపం నాకింకా పోలేదు. నీకెప్పుడూ చెప్పలేదంతే. చివరికి ఆయన పడుకున్న నేల కోసం నేనే లేవాల్సి వచ్చింది. ఈసారి చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

ఇట్లు,
ఇక ఊరుకోని మీ అమ్మ,
జీవరత్నం