పడవవాడి నాలుగో భాగం

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నువ్వూ వదినా పాపా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంప్యూటర్లో ఆడే మన పడవ ఆటకు ఐదో భాగం చేసిపెట్టమని కంపెనీవాళ్ళు నిన్ను బతిమాలుతున్నారట. ఆ డైరెక్టర్ కోటుగారు నీ కింద పనిచేయడానికి ఒప్పుకున్నాడట. "పాతవన్నీ మర్చిపోదాం, అతనూ మనిషేగా" అని రాశావు. నీ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేనేమీ మర్చిపోలేదు. మొదటి రెండు భాగాల్లో మన పడవవాడు జనాన్ని నది దాటించేవాడు, వాళ్ళ కబుర్లు వినేవాడు. అంతే ఆట. దానికే జనం పడిచచ్చారు. మూడో భాగానికి ఈ పెద్దమనిషి డైరెక్టరై వచ్చి, ఉక్కపోతలో కూడా కోటు విప్పకుండా, "ఇప్పటివాళ్ళకి కబుర్లు వినే ఓపిక లేదండీ, వాడి చేతిలో తుపాకీ పెట్టండి" అన్నాడు. నువ్వు కాదన్నందుకు ఆటలోంచి నీ పేరు తీసేశాడు. నీ బొమ్మల పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది నా చేతికే ఇచ్చి, "మీ అన్నయ్యకి ఇచ్చేయమ్మా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు మీదే నాకు పగ.

మూడో భాగం తుస్సుమంది. పోయిన పరువు నాలుగో భాగంతో తెస్తానని యజమానులకు మాటిచ్చాడు.

ఇక నువ్వడిగినదానికి వస్తాను. "మూడో రేవులో ఆరుగురితో పడవ కడితే, పాత భాగాల నుంచి దాచుకున్న ఆటంతా చెరిగిపోతోంది. ఆటలు పరీక్షించే గదిలో ఉన్నది నువ్వే కదా, అంత పెద్ద తప్పు నీ కంటపడలేదా?" అన్నావు.

పడింది అన్నయ్యా. పదకొండుసార్లు చేసి చూశాను. పదకొండుసార్లూ చెరిగింది.

మా గదిలో ఒక పద్ధతుంది. తప్పు కనిపిస్తే చీటీ రాస్తాం. ఇంకోసారి చేసి చూసినప్పుడు రాకపోతే "మళ్ళీ రాలేదు" అని రాసి ఆ చీటీ మూసేస్తాం. విడుదల దగ్గరపడింది కాబట్టి అలాంటివి తన దాకా తేవద్దని కోటుగారే హుకుం వేశాడు. నేను మళ్ళీ రాలేదని రాసి సంతకం పెట్టాను. ఆట బయటికెళ్ళిన వారానికే జనం దుమ్మెత్తిపోశారు. నన్ను పిలిచి, "ఇది మీకు రాలేదామ్మా?" అని అడిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"వచ్చింది సార్. మళ్ళీ రాలేదు" అన్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా భోంచేశాను.

కానీ పాప మూడేళ్ళుగా దాచుకున్న ఆట పోయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని నువ్వు రాసిన చోట ఆగిపోయాను. అలాంటి పిల్లలు ఇంకెందరున్నారో. ఇక మన పడవ పేరు చెబితే ఎవరూ నమ్మరు. ఆటను చెడగొట్టింది వాడే. ప్రాణం తీసింది మాత్రం నేను. పాప విషయంలో సిగ్గుపడుతున్నాను. వాడి విషయంలో బాధపడుతున్నానని నీకు అబద్ధం రాయలేను.

నువ్వు చేరిన మొదటి రోజే ఆ చీటీల కట్ట నీ ముందు పెడతారు. నా సంతకం నువ్వు గుర్తుపడతావు. కోటుగారిని క్షమించి పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉంటే, ముందు నన్ను క్షమించి చూడు. ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇట్లు,
నీ మీద తప్ప అందరి మీదా కోపమున్న
చెల్లెలు